తట్టా పారా నుంచి జేసీబీ దాకా

సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. డి.ఏ. బకాయిల గురించీ, వైద్య బిల్లుల గురించీ నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో ఉన్నారు గనుక, నా సర్వీసు కాలంలో కళ్లెదుటే పూర్తిగా మారిపోయిన ఒక సంగతిని ఎంచుకున్నాను. అది మట్టి తవ్వే యంత్రాల సంగతి. మన సభ్యుల్లో చాలామంది ఇరిగేషన్‌లోనో, రోడ్లు భవనాల శాఖలోనో పనిచేసినవారే. మిగిలినవారి ఇంటి ముందు కూడా ఏదో ఒక రోజున పసుపుపచ్చ జేసీబీ వచ్చి నిలబడే ఉంటుంది.

ముందుగా ఒక లెక్క. 2023-24 ఆర్థిక సంవత్సరంలో మన దేశంలోని తయారీదారులు అమ్మిన నిర్మాణ యంత్రాలు, ఎగుమతులతో కలిపి, సుమారు 1 లక్షా 35 వేలు. ఆ మరుసటి ఏడాది 1 లక్షా 40 వేలు. సంఖ్యను బట్టి చూస్తే చైనా, అమెరికాల తరువాత ప్రపంచంలో మూడో పెద్ద బజారు మనదే. మేము ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో ఒక డివిజన్ మొత్తానికి ఒక బుల్డోజరు ఉంటే గొప్ప. ఈ మార్పుకి కారణం అడిగితే చాలామంది "టెక్నాలజీ పెరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. టెక్నాలజీ 1950 నాటికే ఉంది. మారింది యంత్రాన్ని కొనే మనిషి. మొదట సర్కారు కొన్నది, తరువాత పెద్ద కంట్రాక్టరు కొన్నాడు, ఆ తరువాత మన ఊళ్లోని మామూలు ఆసామి కొన్నాడు. కొనేవాడు మారినప్పుడల్లా యంత్రం తీరూ మారింది, దాని వెనక పనిచేసే మనిషి బతుకూ మారింది.

యంత్రం ఉండి కూడా వాడుకోని కాలం ఒకటుంది. అది నాగార్జునసాగర్ కాలం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసేనాటికి ఉత్తరాన భాక్రా డ్యాము పని సాగుతూనే ఉంది. అక్కడ హార్వే స్లోకమ్ అనే అమెరికన్ నిర్మాణాధిపతి. ఆయన వెంట అమెరికన్ నిపుణుల బృందం, కంకర మోసే మైళ్ల పొడవు కన్వేయర్ బెల్టు, భారీ క్రేన్లు. డ్యాము మొత్తం కాంక్రీటు. సాగర్ దగ్గర మనవాళ్లు వేరే దారి పట్టారు. రాతికట్టడం చాలన్నారు. కంకిపాడులో పుట్టిన మన డాక్టర్ కె.ఎల్. రావు గారు ఈ పద్ధతిని గట్టిగా సమర్థించినవారు. రాయి స్థానికంగా దొరుకుతుంది, సిమెంటు తక్కువ పడుతుంది, విదేశీ మారకం మిగులుతుంది, వేలాదిమందికి పని దొరుకుతుంది అన్నది వాదన. 1957లో దేశానికి విదేశీ మారకం కటకట వచ్చిపడ్డాక ఆ వాదనకి మరింత బలం చేకూరింది. డాలరు లేనిదే క్రేను రాదు. కూలీ అయితే పాలమూరు నుంచీ, పల్నాడు నుంచీ, ఎక్కడెక్కడి నుంచో కాలినడకన వస్తాడు.

సాగర్ ఫొటోలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. కట్ట ముఖం మీద కర్రలతో కట్టిన వాలుదారులు, వాటి మీద చీమలబారులా మనుషులు, నెత్తిన చుట్టకుదురు, దానిమీద రాయో, సున్నపు తట్టో. 124 మీటర్ల ఎత్తు కట్టడం అలా లేచింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకి నీళ్లు వదిలారు. దీన్ని వెనుకబాటుతనం అనుకునేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం అది లెక్క తెలిసి చేసిన పని అనే అనిపిస్తుంది. ఆ కట్టడంలో పోయిన ప్రాణాల లెక్క వేరు, దాన్ని ఎవరూ తేలిక చేయకూడదు.

అయితే దేశంలో యంత్రాలు అసలు లేవని కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికన్ సైన్యం ఇక్కడే వదిలేసిన బుల్డోజర్లూ ట్రాక్టర్లూ డిస్పోజల్స్ కింద అమ్మకానికి వచ్చాయి. 1938లో బొంబాయిలో ఇద్దరు డేన్లు, హోల్క్ లార్సెన్, టూబ్రో అనేవారు, పెట్టిన చిన్న కంపెనీ 1945లో అమెరికా కేటర్‌పిల్లర్ యంత్రాలకి ఏజెన్సీ తీసుకున్నది. మిగులు యంత్రాలు చవగ్గా దొరుకుతున్నాయి, కొనడానికి చేతిలో డబ్బు చాలదు. అందుకోసం వాటాలు సేకరించి, 1946 ఫిబ్రవరిలో ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా మార్చారు. నేటి ఎల్ అండ్ టీ కంపెనీ రూపం అలా వచ్చింది. అంటే ఆ మహాసంస్థ పుట్టుకలో పాత బుల్డోజర్లకీ ఒక పాత్ర ఉందన్నమాట! 1949లో ప్రపంచ బ్యాంకు మనకిచ్చిన రెండో అప్పు, కోటి డాలర్లు, మధ్యభారతంలో కాన్స్ గడ్డి పట్టి బీడువడిన నేలల్ని దున్నే భారీ ట్రాక్టర్ల కోసమే. యంత్రం అంటే దిగుమతి, దిగుమతి అంటే అప్పు. ఆ దశాబ్దం అలా నడిచింది.

సొంతంగా తయారు చేసుకోవాలన్న పట్టుదల 1960ల్లో వచ్చింది. 1961లో టెల్కో వారు జంషెడ్‌పూర్‌లో ఎక్స్‌కవేటర్ల తయారీకి దిగారు. 1962లో చైనా యుద్ధం కళ్లు తెరిపించింది. హిమాలయాల్లో రోడ్లు వేయాలంటే డోజర్లు కావాలి, వాటికోసం ప్రతిసారీ విదేశాల వైపు చూస్తూ కూర్చోలేం. 1964 మేలో భారత్ ఎర్త్ మూవర్స్ లిమిటెడ్ రిజిస్టరై, 1965 జనవరిలో బెంగుళూరులో పని మొదలుపెట్టింది. మట్టి యంత్రాల కంపెనీని రక్షణ శాఖ కింద పెట్టడంలోని అర్థం ఇదే. కోలారు బంగారు గనుల దగ్గర దాని ఫ్యాక్టరీ, జపాన్ కోమత్సు వారి సాంకేతిక సహకారం. మద్రాసు దగ్గర తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ వారు టెరెక్స్ యంత్రాలు చేసేవారు. అంబాసిడర్ కారు కంపెనీ డంపర్లు కూడా చేసేదని మన పిల్లలకి చెబితే నమ్మరు.

ఈ యంత్రాలన్నీ ఎవరు కొన్నారు? సర్కారే కొన్నది. ఇరిగేషన్ ప్రాజెక్టులు, బొగ్గు గనులు, సైన్యం. మన సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో తిరిగే పెద్ద డంపర్ల మీద బి.ఇ.ఎం.ఎల్. పేరు చూడనివారు తక్కువ. కొనేది ఒక్కరే, తయారుచేసేది ఇద్దరు ముగ్గురే అయినప్పుడు దాన్ని బజారు అనడం కంటే ఇండెంటు అనడమే సబబు. ఇండెంటు పెట్టాలి, మంజూరు రావాలి, బడ్జెట్టు రావాలి. మిషను వచ్చాక స్పేర్ పార్టు కోసం మళ్లీ ఇండెంటు. నేను పనిచేసిన ఒకచోట ఒక డోజరు హైడ్రాలిక్ సీలు కోసం రెండు వర్షాకాలాలు చెట్టు కింద నిలబడింది. దాని ఆపరేటరు మాత్రం రోజూ వచ్చి, తుడిచి, లాగ్ బుక్కులో "యంత్రం పనిచేయలేదు" అని రాసి సంతకం చేసి వెళ్లేవాడు. నవ్వుకునేవాళ్లం. కాని ఆ లాగ్ బుక్కే తరువాత అతని సర్వీసుకి సాక్ష్యమైంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మట్టిపనిలో ఎక్కువ భాగం ఈ కాలమంతా చేతిపనిగానే సాగింది. ఎం.బుక్కు పట్టుకున్నవారికి ఈ మాటలు వేరే చెప్పనక్కరలేదు. ఎంత దూరం మోశారన్నది లీడ్, ఎంత ఎత్తుకి ఎక్కించారన్నది లిఫ్ట్. నేల మెత్తనిదా, గట్టిదా, మొరమా, రాయా అన్నదాన్ని బట్టి రేటు. తవ్విన గుంట మధ్యలో కొలత కోసం మట్టిదిమ్మెలు వదిలేవారు. పాత నేల మట్టం ఎంతో అవే చెప్పాలి. వాటి ఎత్తు కొలిచి, సగటు కట్టి, ఘనపు మీటర్ల లెక్క తేల్చేవాళ్లం. ఆ దిమ్మె మీద రాత్రికి రాత్రి గంపెడు మన్ను చేరి ఎత్తు పెరగడం లాంటి విద్యలు కూడా ఉండేవి. అదంతా మనకు తెలిసిందే. ముఖ్యమైన మాట ఏమిటంటే, డబ్బు చెల్లించింది కదిలిన మట్టికి. ఎన్ని గంటలు పట్టిందన్నది మేస్త్రీ తలనొప్పి, మనది కాదు.

ఇక పేర్ల సంగతి. ఫ్రాన్సులో పోక్లెయిన్ అనే కంపెనీ 1951లోనే హైడ్రాలిక్ ఎక్స్‌కవేటరు చేసింది. అంతవరకు తవ్వే యంత్రాలు ఇనుప తాళ్ల మీద, కప్పీల మీద నడిచేవి. నూనె ఒత్తిడితో చెయ్యి మడిచి, చాచి, మణికట్టు తిప్పినట్టు తిప్పే యంత్రం రావడం పెద్ద మలుపు. ఎల్ అండ్ టీ వారు ఆ కంపెనీతో ఒప్పందం చేసుకుని 1970ల్లో బెంగుళూరులో వాటి తయారీ మొదలుపెట్టారు. ఆ పేరు మనవాళ్ల నోట పొక్లెయిన్, ప్రొక్లెయిన్, చివరికి ప్రొక్లైనర్ అయింది. ఎక్స్‌కవేటరు వ్యాపారంలో ఆ ఫ్రెంచి పేరు ఎన్నడో కనుమరుగైంది. మన ఊళ్లలో మాత్రం కోమత్సు యంత్రమైనా, హిటాచీ యంత్రమైనా ఇవాళ్టికీ "ప్రొక్లైనరే". అలాగే 1979లో ఎస్కార్ట్స్ వారు ఇంగ్లండు జేసీబీ కంపెనీతో కలిసి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న యంత్రాన్ని తయారుచేశారు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లీషాయన పేరులోని మూడు పొడి అక్షరాలు, ఈనాడు తెలుగు పల్లెల్లో పార, గునపం లాంటి మాట అయిపోయాయి. 2003లో ఆ ఇంగ్లండు కంపెనీయే మొత్తం వాటా కొనేసింది. నాలుగు చక్రాల మీద బరువు ఎత్తి నడిచే క్రేనుకి "హైడ్రా" అన్న పేరు కూడా ఇలాగే ఒక కంపెనీ మోడలు పేరు నుంచి వచ్చిందే.

జేసీబీ మొదటి పదేళ్లలో పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1991లో లైసెన్సుల విధానం సడలి, ఆపైన దిగుమతి సుంకాలు తగ్గుతూ వచ్చాక కొత్త కంపెనీలు ఒక్కొక్కటే దిగాయి. 1998లో ఎల్ అండ్ టీ, కోమత్సు కలిసి ఒక కంపెనీ పెట్టాయి. 1984 నుంచే హిటాచీ సాంకేతికం వాడుతున్న టాటావారు అదే కాలంలో తమ యంత్రాల విభాగాన్ని విడదీసి, హిటాచీకి వాటా ఇచ్చారు. తిరువళ్లూరు ఫ్యాక్టరీ కేటర్‌పిల్లర్ చేతికి వెళ్లింది. కాని బజారుని నిజంగా లేపినవి రోడ్లు. స్వర్ణ చతుర్భుజి పేరుతో వాజ్‌పేయి ప్రభుత్వం తలపెట్టిన 5,846 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారిలో తడ నుంచి ఇచ్ఛాపురం దాకా కోస్తా ఆంధ్ర మొత్తం ఉంది. ఆ టెండర్లలో కంట్రాక్టరు దగ్గర ఏయే యంత్రాలున్నాయో చూపించమన్నారు. గ్రేడరు, సెన్సారు పేవరు, వైబ్రేటరీ రోలరు, హాట్‌మిక్స్ ప్లాంటు. తారు డ్రమ్ముల కింద కట్టెలు మండించి, గమేళాలతో కంకర పరిచి, ఒక్క రోడ్డు రోలరుతో నెట్టుకొచ్చిన మన పద్ధతికి అక్కడితో సెలవు.

యంత్రం కొనవలసిన భారం అలా సర్కారు నుంచి కంట్రాక్టరు మీదికి మారింది. మన రాష్ట్రంలో 2004 తరువాత జలయజ్ఞం పనులు ఇ.పి.సి. పద్ధతిలో ఇచ్చేసరికి ఈ మార్పు పూర్తయింది. సర్వే, డిజైను, పని అన్నీ కంట్రాక్టరువే. శాఖ దగ్గరున్న యంత్రాలు ఒక్కొక్కటే వేలంలో పాత ఇనుము కింద పోయాయి. హైదరాబాదు కేంద్రంగా పెరిగిన తెలుగు కంట్రాక్టు కంపెనీలు దేశమంతటా పనులు పట్టాయి. ఆ యంత్రబలం ఎంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2019 జనవరిలో పోలవరం స్పిల్‌వే దగ్గర 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. సాగర్ కట్టిన తాపీ మేస్త్రీలు ఈ మాట వింటే ఏమనేవారో!

అయినా ఇది పెద్ద కంట్రాక్టర్ల కథే అయితే లక్షా 40 వేల యంత్రాలు అమ్ముడుపోవు. ఇక్కడే మూడో కొనుగోలుదారు వస్తాడు. మన ఊరి ఆసామి. కొంచెం భూమి అమ్మో, ట్రాక్టరు అమ్మో, గల్ఫు నుంచి తమ్ముడు పంపిన డబ్బు కలిపో మొదటి విడత కట్టి, మిగతాది ఫైనాన్సు కంపెనీ దగ్గర వాయిదాలకి తీసుకుని ఒక జేసీబీ కొంటాడు. నా ఉద్దేశంలో ఈ కథలో అసలు మలుపు ఫైనాన్సే. బ్యాంకులు లారీకి అప్పివ్వడానికే వెనకాడే రోజుల్లో, యంత్రాన్నే హామీగా పెట్టుకుని అప్పిచ్చే కంపెనీలు వచ్చాయి. 1989లో కలకత్తాలో మొదలైన శ్రేయి ఆ రంగంలో పెద్ద పేరు తెచ్చుకుంది. 2021లో రిజర్వు బ్యాంకు దాని బోర్డుని తప్పించి దివాలా ప్రక్రియకి పంపవలసి వచ్చిందనుకోండి, అది వేరే కథ.

ఆ ఆసామికి పెద్ద ఎక్స్‌కవేటరు ఎందుకు? దాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి ట్రైలరు మీద తీసుకుపోవాలి. జేసీబీ రబ్బరు చక్రాల మీద తనే నడిచిపోతుంది. పొద్దున పునాది తీస్తుంది, మధ్యాహ్నం చెట్టు మొద్దు పీకుతుంది, సాయంత్రం టిప్పరుకి మట్టి ఎత్తుతుంది. ఏ పనిలోనూ మొనగాడు కాదు, అన్నిటికీ పనికొస్తాడు. అందుకే పెద్ద దేశాల్లో ఎక్స్‌కవేటర్లది పైచేయి అయితే, మన దేశంలో చాలాకాలం అమ్మిన యంత్రాల్లో సుమారు సగం ఈ బ్యాక్‌హో లోడర్లే. మీటరు తిరిగిన గంటలకి అద్దె, డీజిలు ఎవరిది, ఆపరేటరు బత్తా ఎవరిది అన్న బేరం. ఘనపు మీటరు పోయి గంట వచ్చింది. 2019 మేలో జనం గుమిగూడి జేసీబీ తవ్వకాన్ని వింతగా చూస్తున్న బొమ్మలు సెల్‌ఫోన్లలో దేశమంతా తిరిగాయి. మా అపార్ట్‌మెంటు ఎదురుగా పునాదులు తీసినప్పుడు చూసినవారిలో పెన్షనర్లే ఎక్కువ.

మరి తట్ట మోసినవారేమయ్యారు? వడ్డెర కులస్థులకు మట్టి, రాయి తరతరాల వృత్తి. కట్టలు, చెరువులు, బావులు వారి చేతిమీదే లేచాయి. బెజవాడ, హైదరాబాదు దాటి మహారాష్ట్ర, గుజరాతు ప్రాజెక్టుల దాకా మేస్త్రీల వెంట ముఠాలుగా వెళ్లిన పాలమూరు జనానిది అదే పని. ఒక జేసీబీ పూటలో చేసే పని ఒక ముఠాకి వారం. పల్లెల్లో ఇల్లు కట్టుకునేవారికి, బావి పూడిక తీయించుకునే రైతుకి యంత్రం చవక, జంజాటం తక్కువ. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కాని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినప్పుడు, ఆ చట్టంలో కంట్రాక్టర్లు ఉండకూడదనీ, సాధ్యమైనంతవరకు పని మనుషుల చేతనే చేయించాలనీ రాసి ఉంది. అదే ఏడాది జేసీబీ వారు పుణె దగ్గర రెండో ఫ్యాక్టరీ పెట్టారు. ఒకే దేశంలో ఒక చేత్తో యంత్రానికి అప్పు, మరో చేత్తో పారకి రక్షణ. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొకటి తెచ్చింది.

తరువాతి కథ పత్రికల్లో చూస్తున్నదే. 2012 నుంచి రెండు మూడేళ్లు ప్రాజెక్టులు ఆగిపోయి బజారు కుంగింది. వాయిదాలు కట్టలేక ఎందరో యంత్రాలు వదులుకున్నారు, పేరున్న కంట్రాక్టు కంపెనీలు కూడా దివాలా కోర్టులకి ఎక్కాయి. చైనా కంపెనీలు పీతంపూర్‌లో, పుణె దగ్గర చాకన్‌లో ఫ్యాక్టరీలు పెట్టాయి. మన శ్రీసిటీలో జపాన్ కోబెల్కో వారు 2011 నుంచి ఎక్స్‌కవేటర్లు తయారుచేస్తున్నారు. 2025 జనవరి నుంచి పొగ నిబంధనలు బిగించడంతో యంత్రాల ధరలు మళ్లీ పెరిగాయి.

చెట్టు కింద డోజరు దగ్గర సంతకం చేసిన ఆపరేటరు సంగతి చెబుతానన్నాను. అతను వర్క్‌చార్జ్‌డ్‌గా చేరాడు. ఏళ్ల తరబడి ఎదురుచూశాక రెగ్యులర్ అయ్యాడు. సర్వీసు లెక్కలో మధ్యలో కొన్ని నెలలు ఖాళీ కనిపించినప్పుడు, ఆ లాగ్ బుక్కుల్లోని సంతకాలు చూపించి సరిచేయించుకున్నాడు. చివరిదాకా పెన్షను తీసుకున్నాడు. ఇప్పుడు అతని భార్యకి ఫ్యామిలీ పెన్షను వస్తోంది. నేటి జేసీబీ ఆపరేటరు చాలా చోట్ల ఇరవై రెండేళ్ల కుర్రాడు, బీహారు నుంచో జార్ఖండ్ నుంచో వచ్చినవాడు. జీతం కొంత, బత్తా కొంత, పి.ఎఫ్. ఊసు ఉండదు. ఏడాదిలో ముగ్గురు యజమానులు మారతాడు. నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం చేసి, కట్టడాల ఖర్చు మీద సెస్సు వసూలుచేసి, సంక్షేమ బోర్డులు పెట్టారు. ఆ చట్టం కింద పేరు నమోదు కావాలంటే అంతకు ముందు ఏడాదిలో కనీసం 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. 2025 నవంబరులో అది కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. ఏ చట్టమైనా, పనిచేసినట్టు కాగితం అడుగుతుంది. యంత్రం తిరిగిన గంటలన్నీ మీటరులో ఉంటాయి, ఏ యజమాని అయినా ఆ అంకెని సెల్‌ఫోనులో చూసుకోగలడు. నడిపినవాడి పేరు మాత్రం అందులో ఉండదు.

మెకానికల్ వింగులో పనిచేసిన మన సభ్యుల దగ్గర పాత లాగ్ బుక్కులు, యంత్రాల ఫొటోలు, వేలం నోటీసులు ఏమైనా మిగిలి ఉంటే సంఘం కార్యాలయానికి తెచ్చి చూపించవలసిందిగా కోరుతున్నాను. జెరాక్సు తీసుకుని అసలు కాగితాలు తిరిగి ఇచ్చేస్తాం. ముఖ్యంగా సాగర్ కాలువల మీద పనిచేసిన ఆపరేటర్ల పేర్లు సేకరించాలని ఉంది.